పైరవీకారు ఎక్కడ నిలబడతాడు

సైన్యంలో జవానుగా చేరడానికి ఎంత ఖర్చవుతుంది? నర్సంపేట, ఖానాపూర్, మహబూబాబాద్ వైపు ఊళ్లలో ఈ మాట అడిగితే లక్షల్లో అంకె చెప్పేవాళ్లు ఇప్పటికీ దొరుకుతారు. అసలు జవాబు 250 రూపాయలు. అగ్నివీర్ ఆన్‌లైన్ పరీక్షకు 2023లో పెట్టిన ఫీజు 500. అందులో సగం సైన్యమే భరిస్తుంది, మిగతా సగం అభ్యర్థి కట్టాలి, పైన బ్యాంకు ఛార్జీ కొంత. ఆ లక్షలకూ ఈ 250కీ మధ్య ఉన్న తేడా మీదే పైరవీకారు బతుకుతున్నాడు.

రక్షణ రంగంలో అవినీతి అనగానే మనకు బోఫోర్స్ తుపాకులో, వీఐపీ హెలికాప్టర్లో గుర్తుకొస్తాయి. వాటి దగ్గరికీ వద్దాం. కానీ వరంగల్ మనిషికి ఈ సంగతి ముందుగా తగిలేది ఢిల్లీలో కాదు. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో చీకటితోనే పరుగు మొదలుపెట్టే కుర్రాడి ఇంట్లో తగులుతుంది. 1.6 కిలోమీటర్ల పరుగు, తొమ్మిది అడుగుల గుంత దూకడం, బీమ్ పట్టుకుని పది పుల్‌అప్‌లు: వీటికోసం వాడు రెండేళ్లు ఒళ్లు వంచుతాడు. వాళ్ల నాన్న మాత్రం, ఇంత కష్టపడ్డాక చివర్లో ఎవరికీ ఏమీ ఇవ్వకపోతే పని ఆగుతుందేమోనని భయపడతాడు. పైరవీకారు వాడుకునేది ఆ భయాన్నే.

లంచం పుట్టే చోటును గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఒక మనిషి ఔననో కాదనో చెప్పగలగాలి, అలా ఎందుకన్నాడో పక్కవాడికి కనపడకూడదు. ఈ రెండూ కలిసిన చోటల్లా చేయి తడిపే పని మొదలవుతుంది. అవినీతిని ఆపడానికి పెట్టే ఏర్పాట్లన్నీ ఈ రెంటిలో ఏదో ఒకదాన్ని తగ్గించడానికే. సైనిక నియామకాల్లో ఇది ఎంతవరకు జరిగిందో చూద్దాం.

పాత పద్ధతిలో మొదట ర్యాలీ. పరుగు, కొలతలు, వైద్య పరీక్ష, అన్నీ దాటినవాళ్లకు ఎప్పుడో రాత పరీక్ష. నడుమ నెలల తరబడి ఎదురుచూపు. ఆ ఎదురుచూపే దళారికి పంటకాలం. 'నీ పేరు లిస్టులో ఉంది, రాతపరీక్ష సంగతి నేను చూసుకుంటా' అనడానికి కావలసినంత సమయం. 2021 ఫిబ్రవరి 28న దేశమంతటా జరగాల్సిన జవాన్ల రాత పరీక్ష, ప్రశ్నపత్రం పుణేలో ముందే బయటపడడంతో రద్దయింది. ఆ తర్వాత కోవిడ్ పేరుతో వాయిదాలు, చివరికి 2022 జూన్‌లో పాత నియామకాల స్థానంలో అగ్నివీర్లను తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటన. శారీరక, వైద్య పరీక్షలు నెగ్గి రాత పరీక్ష కోసం కూర్చున్నవాళ్ల ఆశలన్నీ ఒక్క రోజులో పోయాయి. జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో ఆ కోపం విధ్వంసంగా మారింది. ఆ రోజు కాల్పుల్లో చనిపోయిన కుర్రాడిది మన వరంగల్ జిల్లా ఖానాపూర్ మండలమే. ఆ ఘటన వెనుక కొన్ని శిక్షణ అకాడమీల పాత్ర ఉందని పోలీసులు కేసులు పెట్టారు. అది కోర్టుల్లో తేలాల్సిన విషయం. కానీ నియామకం ఆలస్యమైనకొద్దీ దాని చుట్టూ ఎంత డబ్బు, ఎంతమంది మధ్యవర్తులు పోగవుతారో ఆ కేసులు మనకు చూపించాయి.

2023లో వరుస తిరగేశారు. ఇప్పుడు మొదట కంప్యూటర్ కేంద్రంలో ఆన్‌లైన్ పరీక్ష, అందులో నెగ్గినవాళ్లకే ర్యాలీ. జనం రద్దీ, ఏర్పాట్ల ఖర్చు తగ్గించడానికని సైన్యం చెప్పింది. నా దృష్టిలో అంతకన్నా పెద్ద లాభం వేరే ఉంది: మొదటి వడపోతలో మనిషి చెయ్యి లేకుండా పోయింది. మన రాష్ట్ర పోలీసు నియామకాల్లో పరుగు సమయాన్ని ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్‌తో కొలవడం మొదలుపెట్టినప్పుడూ ఇదే జరిగింది. స్టాప్‌వాచ్ పట్టుకున్న మనిషిని బతిమాలవచ్చు. చిప్‌ను బతిమాలలేం.

మరి దళారి ఊరు విడిచి పోయాడా? లేదు. నాలుగడుగులు పక్కకు జరిగి, మనిషి నిర్ణయం ఇంకా మిగిలున్న చోట నిలబడ్డాడు. అలాంటి చోట్లలో మొదటిది వైద్య పరీక్ష. చెవిలో గులిమి, పాదం చదును, కంటిచూపు అంటూ తాత్కాలికంగా పక్కన పెట్టినవాళ్లు సైనిక ఆసుపత్రిలో మళ్లీ పరీక్ష చేయించుకోవచ్చు. ఆ రెండో పరీక్ష న్యాయం కోసం పెట్టిందే, ఉండాల్సిందే. కానీ బేరానికి వీలున్నదీ అక్కడే. 2021 మార్చిలో సీబీఐ పెట్టిన కేసు సరిగ్గా దీని గురించే. ఆఫీసర్ పోస్టులకు సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్ఎస్‌బీ) ద్వారా ఎంపికై వైద్య పరీక్షలో ఆగిపోయినవాళ్లను దాటించడానికి లంచాలు తీసుకున్నారని ఆరోపణ. నిందితులు 23 మంది. వారిలో 17 మంది సైన్యం మనుషులు, ఐదుగురు లెఫ్టినెంట్ కర్నల్ హోదావాళ్లు. 13 నగరాల్లో 30 చోట్ల సోదాలు జరిగాయి, ఆ నగరాల్లో విశాఖపట్నం కూడా ఉంది. ఇందులో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఈ కేసు సీబీఐ దాకా వెళ్లింది సైన్యం తనంతట తాను ఫిర్యాదు చేయడం వల్ల. లోపలివాళ్లే కప్పిపుచ్చాలనుకుంటే ఇది మనకు ఎన్నటికీ తెలిసేది కాదు.

చాలామంది దళారులకు అసలు లోపల ఏ పరిచయమూ ఉండదు. అలాంటివాడి లెక్క సులభం. పదిమంది దగ్గర తలా కొంత తీసుకుంటాడు. ఎవరికీ ఏమీ చెప్పడు, ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వడు. పదిమందిలో ఇద్దరో ముగ్గురో తమ కష్టంతో తామే పాసవుతారు. వాళ్ల డబ్బు జేబులో వేసుకుని, మిగతావాళ్లకు 'ఈసారి కుదరలేదు' అని కొంత కోతతో తిరిగిస్తాడు. నిజాయతీపరుడన్న పేరు కూడా వస్తుంది! పాసైన కుర్రాడు మాత్రం తన పరుగుతో వచ్చిన ఉద్యోగం తన తండ్రి డబ్బుతో వచ్చిందనుకుంటూ జీవితాంతం ఉంటాడు. ఇందులో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. డబ్బుతో చేరాననుకున్నవాడు రేపు క్యాంటీన్ సరుకు దగ్గరో, గోదాము తాళం దగ్గరో ఆ డబ్బు రాబట్టుకోవాలనుకోడా? సర్టిఫికెట్ల ఒరిజినల్స్ తనఖాగా పెట్టుకునే దళారులూ ఉన్నారు. ఆ కాగితాలు చేతికి రాక ర్యాలీకే వెళ్లలేకపోయిన పిల్లలూ ఉన్నారు.

రెండో చోటు కాగితాలు. చేరేటప్పుడు నింపే ఫారంలో ఎఫ్ఐఆర్‌లు, కేసులు ఏవైనా ఉన్నాయా అని అడుగుతారు. తర్వాత పోలీసు విచారణ ఉంటుంది. అగ్నిపథ్ గొడవల తర్వాత సైనిక అధికారులు ఇంకో షరతు ప్రకటించారు: ఆ విధ్వంసంలో పాల్గొనలేదని ప్రతి అభ్యర్థీ రాసివ్వాలి, పోలీసు విచారణ లేకుండా ఎవరినీ తీసుకోరు. సైనిక చట్టం 1950లోని 44వ సెక్షన్ ప్రకారం చేరేటప్పుడు తెలిసి తెలిసి అబద్ధం రాస్తే అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. మరి పిల్లతనంలో నినాదాలిచ్చి కేసులో ఇరుక్కున్నవాడి గతేమిటి? 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనికి దారి చూపింది. చిన్న వయసులో నినాదాలివ్వడం లాంటి చిల్లర నేరాలను దాచినా అధికారి పెద్ద మనసుతో చూడవచ్చు, తీవ్రమైన నేరాన్ని దాచితే మాత్రం ఉద్యోగం తీసేయవచ్చు అంది. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం వచ్చి తీరాలని కూడా లేదంది. అయినా దాచడం కన్నా చెప్పడమే మేలు. ఈ మధ్య కేసు ఉన్నవాళ్లకు 'ఎన్ఓసీ తెప్పిస్తా' అనే కొత్త రకం పైరవీకారు తయారయ్యాడు. అతని అవసరం ఎవరికీ లేదు.

ఇంతదాకా లోపలికి వెళ్లడం గురించి. లోపలికి వెళ్లాక మనిషిని నిలబెట్టేదేమిటి?

రక్షణ పరిశ్రమ విషయంలో మన హైదరాబాద్ చిన్నది కాదు. కంచన్‌బాగ్ చుట్టుపక్కల డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, ఆర్‌సీఐ అనే రక్షణ పరిశోధన ల్యాబులు, క్షిపణులు తయారుచేసే బీడీఎల్, లోహాల మిధాని, ఎద్దుమైలారంలో సాయుధ వాహనాల ఫ్యాక్టరీ. వరంగల్ ఎన్ఐటీలో, కాకతీయ యూనివర్సిటీలో చదివిన పిల్లలు చాలామంది ఆ గేట్ల లోపల పనిచేస్తారు. వారిలో శాశ్వత ఉద్యోగులున్నారు, అంతకన్నా ఎక్కువ గమనించాల్సిన కాంట్రాక్టు ఉద్యోగులూ ఉన్నారు. 2022 జూన్‌లో రాచకొండ పోలీసులు డీఆర్‌డీఎల్ ప్రాజెక్టులో పనిచేసిన ఒక కాంట్రాక్టు ఇంజినీరును అరెస్టు చేశారు. ఫేస్‌బుక్‌లో పరిచయమైన ఒక మహిళ ఖాతా, నిజానికి పాకిస్తాన్ గూఢచారులది, అతని దగ్గర క్షిపణి పరిశోధన సమాచారం రాబట్టిందని పోలీసుల ఆరోపణ. దానికి రెండున్నరేళ్ల ముందు, 2019 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్ పోలీసు ఇంటెలిజెన్స్ విభాగం కేంద్ర సంస్థలతో కలిసి 'డాల్ఫిన్స్ నోస్' పేరుతో ఏడుగురు నావికులను పట్టుకుంది. విశాఖలోని కొండ పేరే ఆ ఆపరేషన్‌కు పెట్టారు. అక్కడా అదే పద్ధతి: ఫేస్‌బుక్ స్నేహం, బెదిరింపు, హవాలా ద్వారా కొంత డబ్బు. అదే నెలాఖరులో నౌకాదళం స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్‌ఫోన్లను, సామాజిక మాధ్యమాలను నిషేధించింది.

ఈ కేసుల్లో చేతులు మారిన డబ్బు పెద్దది కాదు. పట్టుబడ్డవాళ్లు ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవాళ్లు, కింది స్థాయివాళ్లు, ఇంటికి దూరంగా ఉన్నవాళ్లు. అందుకే ఉద్యోగంలో చేరేటప్పుడు ఒక్కసారి చేసే పోలీసు విచారణ చాలదు. ఆ రోజు మనిషి మంచివాడే. అయిదేళ్లకు అతనికి అప్పులు పెరగవచ్చు, ఆన్‌లైన్ బెట్టింగ్ అలవాటు కావచ్చు, ఒంటరితనం పట్టుకోవచ్చు. మనిషి మీద మధ్యమధ్యలో మళ్లీ మళ్లీ కన్నేయడం, ఎవరికి ఏ పనికి ఎంత సమాచారం అవసరమో అంతే అందనివ్వడం, గేటు దగ్గర ఫోన్ తీసుకోవడం: ఈ మూడూ కలిస్తేనే రక్షణ. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెతను నమ్మితే ఆ ల్యాబులు మూసేసుకోవాల్సిందే. అధికార రహస్యాల చట్టం 1923 కింద రక్షణ రహస్యాలు అమ్మితే 14 ఏళ్ల దాకా శిక్ష ఉంది. కానీ శిక్ష పడేసరికి సమాచారం దాటిపోయి ఉంటుంది. కష్టంలో ఉన్న ఉద్యోగి భయపడకుండా పై అధికారికి వచ్చి 'నన్ను ఇలా బెదిరిస్తున్నారు' అని చెప్పగలిగే వాతావరణం ఉంటే, ఏ చట్టం కన్నా అది ముందుగా పనిచేస్తుంది.

ఇక కొనుగోళ్లు. ఇక్కడ తెలుగువాడి పేరు వినబడే కేసు ఒకటుంది. 2001 మార్చి 13న తెహల్కా అనే వార్తా సంస్థ బయటపెట్టిన వీడియోల్లో అప్పటి బీజేపీ జాతీయ అధ్యక్షుడు, హైదరాబాద్‌కు చెందిన బంగారు లక్ష్మణ్ లక్ష రూపాయలు తీసుకుంటూ కనిపించారు. ఇచ్చింది వెస్ట్ ఎండ్ అనే ఆయుధ కంపెనీ ప్రతినిధులమని చెప్పుకున్న విలేకరులు. అమ్ముతామన్నది చీకట్లో వేడిని బట్టి మనిషిని చూపించే థర్మల్ ఇమేజర్లు. ఆ కంపెనీ లేదు, ఆ పరికరాలూ లేవు. లేని కంపెనీ, లేని సరుకు చూపించి సైనికాధికారుల నుంచి రాజకీయ నాయకుల దాకా వెళ్లగలిగారంటే, ఫైలు నడిచే దారిలో ఎన్ని కిటికీలు తెరిచి ఉన్నాయో తెలుస్తుంది. 2012 ఏప్రిల్‌లో ఢిల్లీ సీబీఐ ప్రత్యేక కోర్టు ఆయనకు నాలుగేళ్ల జైలు, లక్ష జరిమానా విధించింది. పార్టీ నిధికి తీసుకున్నానన్నది ఆయన వాదన. 2014 మార్చి 1న ఆయన కన్నుమూశారు. లక్ష రూపాయల వీడియో మీద తీర్పు రావడానికి పదకొండేళ్లు పట్టింది, ఇదీ గుర్తుపెట్టుకోవాలి.

మన జిల్లా లక్నేపల్లిలో పుట్టిన పీవీ నరసింహారావు 1985లో తొమ్మిది నెలలు రక్షణ మంత్రిగా ఉన్నారు. బోఫోర్స్ ఒప్పందం ఆయన ఆ శాఖ వదిలాక, 1986 మార్చిలో జరిగింది. అయినా ఆ నీడ ఆయన్ని వదల్లేదు. ఆయన ప్రధానిగా ఉండగా విదేశాంగ మంత్రి మాధవ్‌సింగ్ సోలంకి స్విట్జర్లాండ్ మంత్రికి బోఫోర్స్ దర్యాప్తు గురించి ఒక కాగితం అందించి, అది బయటపడి 1992 మార్చి 31న రాజీనామా చేయాల్సి వచ్చింది. 400 తుపాకుల ఒప్పందం, 1,437 కోట్లు, అందులో 64 కోట్ల ముడుపులన్న ఆరోపణ. కార్గిల్‌లో ఆ తుపాకులే పనికొచ్చాయి. కానీ ఆ కుంభకోణం భయంతో విదేశాల నుంచి మరో కొత్త 155 మి.మీ. తుపాకి మన చేతికి రావడానికి 2017 దాకా పట్టింది. ముడుపుల నష్టం 64 కోట్లని లెక్క రాస్తారు. సంతకం పెట్టడానికి అధికారులు భయపడిన ముప్పై ఏళ్ల లెక్క ఎవరూ రాయరు.

తెహల్కా ఏడాదే రక్షణ మంత్రి అధ్యక్షతన రక్షణ కొనుగోళ్ల మండలి వచ్చింది, 2002లో కొనుగోళ్లకు రాతపూర్వకమైన విధానం వచ్చింది. ఆ తర్వాత పెద్ద కొనుగోళ్లలో నిజాయతీ ఒప్పందం తప్పనిసరి చేశారు. దాని సారం ఇది: లంచం ఇవ్వను, ఏజెంటుకు కమీషన్ ఇవ్వను అని కంపెనీ ముందే సంతకం చేస్తుంది. తప్పితే ఒప్పందం రద్దు, కట్టిన హామీ డబ్బు జప్తు, ముందు ముందు టెండర్లకు దూరం. బయటి స్వతంత్ర పరిశీలకులు ఫిర్యాదులు చూస్తారు. 2014 జనవరి 1న వీఐపీ హెలికాప్టర్ల ఒప్పందం రద్దు చేయడానికి ఆధారం ఈ ఒప్పందమే. 2012లో ఆరు కంపెనీలను పదేళ్లపాటు పక్కన పెట్టడమూ జరిగింది.

అయితే ఈ శిక్ష ఇటు కూడా కోస్తుంది. హెలికాప్టర్ల కంపెనీ మాతృసంస్థను దూరం పెట్టడంతో దాని అనుబంధ సంస్థ నుంచి కొనాల్సిన టార్పెడోలు ఆగిపోయాయి. 2017లో నౌకాదళంలో చేరిన కల్వరి జలాంతర్గామి తన కోసం అనుకున్న కొత్త టార్పెడోలు లేకుండానే నీళ్లలోకి దిగింది. ఇలాంటి చిక్కుల వల్లే 2016 నుంచి గుండుగుత్తగా నిషేధించే బదులు తప్పును బట్టి శిక్ష వేసే నిబంధనలు తెచ్చారు. కంపెనీలకిది వెసులుబాటేననే విమర్శ ఉంది. నేను మాత్రం దీన్ని సమర్థిస్తాను. తప్పు చేసింది దలాలీ ఏజెంటు, ఆయుధం లేకుండా గస్తీ తిరిగేది నావికుడు అన్న ఏర్పాటు న్యాయం కాదు.

సైన్యంలో తప్పు చేసినవాణ్ణి ఎవరు చూస్తారన్నది చాలామందికి తెలియని సంగతి. కేంద్ర నిఘా కమిషన్ పరిధిలో రక్షణ శాఖ సివిల్ ఉద్యోగులు, బీడీఎల్ లాంటి సంస్థలు వస్తాయి. యూనిఫాంలో ఉన్నవాళ్లు రారు. లోక్‌పాల్ చట్టం కూడా సైనిక చట్టాల కిందకు వచ్చేవాళ్లను తన నిర్వచనంలోంచి తప్పించింది. వాళ్లకు సైన్యపు సొంత విచారణ, కోర్ట్‌మార్షల్ ఉంటాయి, కావాలంటే సీబీఐకి అప్పగించవచ్చు. కోర్ట్‌మార్షల్ వేగంగా ఉంటుంది, కఠినంగానూ ఉంటుంది. కానీ సైనిక చట్టం 122వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల గడువు దాటితే మొదలుపెట్టలేరు. 2019లో సైన్యాధిపతి కింద ప్రత్యేక నిఘా విభాగం పెట్టి, అందులో మూడు దళాల అధికారులనూ ఉంచాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఒక దళం తప్పు మీద ఇంకో దళం కన్ను ఉండాలన్న ఆలోచన మంచిదే. కానీ ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేలాయి అన్న లెక్క ప్రతి ఏటా ప్రజల ముందు పెట్టే పద్ధతి లేదు. పేర్లు అక్కర్లేదు, రహస్యాలు అక్కర్లేదు, అంకెలు చాలు.

దాపరికం ఎక్కడ అవసరం, ఎక్కడ ముసుగు అన్నది యుద్ధంలో ఉన్న ఉక్రెయిన్ నేర్చుకున్న తీరు చూడండి. 2023 జనవరిలో అక్కడి రక్షణ శాఖ సైనికుల కోసం కొన్న కోడిగుడ్డు ఒక్కోటి 17 హ్రివ్నియాలని పత్రికలో వచ్చింది, బజారులో దాని ధర సగం కూడా లేదు. ఉప మంత్రి రాజీనామా చేశాడు. ఆయుధం కాని సరుకుల ధరలు బయటపెట్టాలని చట్టం తెచ్చారు. ఆ ఆగస్టులో, సైన్యంలోకి వెళ్లకుండా తప్పించుకునే కాగితాలకు లంచాలు తీసుకుంటున్నారని ప్రాంతీయ నియామక కేంద్రాల అధిపతులందరినీ అధ్యక్షుడు జెలెన్‌స్కీ ఒకేసారి తొలగించాడు. క్షిపణి డిజైన్ దాచాలి. గుడ్డు ధర దాచడం వల్ల శత్రువుకు పోయేదేమీ లేదు, సైనికుడి కంచంలోంచి పోతుంది.

మళ్లీ మన ఊరి సంగతికి. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇచ్చినవాడూ నేరస్థుడే, ఏడేళ్ల దాకా శిక్ష. దళారి చేతికి ఇచ్చినా అంతే. కానీ బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే, ఏడు రోజుల్లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పినవాళ్లకు ఆ శిక్ష వర్తించదు. 2024 జూన్ నుంచి అమల్లో ఉన్న ప్రభుత్వ పరీక్షల అక్రమాల నిరోధక చట్టం ప్రశ్నపత్రాలు లీకు చేసే ముఠాలకు అయిదు నుంచి పదేళ్ల జైలు, కోటికి తగ్గని జరిమానా పెట్టింది. పేరు బయటపడుతుందన్న భయం ఉంటే 2004 నుంచి ఒక దారి ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మీద ఫిర్యాదును మూసిన కవరులో కేంద్ర నిఘా కమిషన్‌కు పంపవచ్చు, పేరు గోప్యంగా ఉంచుతారు. 2014లో పార్లమెంటు చేసిన ఫిర్యాదుదారుల రక్షణ చట్టాన్ని మాత్రం ప్రభుత్వం ఇంతవరకు అమల్లోకి తేలేదు. ఇది తేవాలని మన ఎంపీలను అడగడం మన వంతు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా సైన్యానికి తయారవుతుంటే సర్టిఫికెట్ల ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి. అప్లికేషన్ సైన్యం వెబ్‌సైట్‌లోనే నింపండి. డబ్బు అడిగిన మనిషి ఫోన్ నంబరు, తేదీ, అడిగిన మొత్తం ఒక కాగితం మీద రాసుకోండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే సిగ్గుపడి ఇంట్లో కూర్చోకండి. బెదిరించి తీసుకుంటే చట్టం మీకిచ్చిన గడువు ఏడు రోజులే. ఊరి పోలీస్ స్టేషన్‌లోనైనా, హైదరాబాద్ కోఠిలోని సీబీఐ కార్యాలయంలోనైనా ఆలోపే చెప్పండి.